గద్వాల నుండి నాగర్‌కర్నూలుకు: తప్పుకొన్నవాని నష్టము



మన పెద్దలు పాలమూరు అని పిలిచిన పాత మహబూబ్‌నగర్ జిల్లా 2016 అక్టోబరు 11న, విజయదశమి నాడు, విభజింపబడినది. ఆనాటి నుండి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడును జిల్లా కేంద్రములైనవి. కలెక్టరు కార్యాలయములు వేరైనా మన కుటుంబములు మాత్రము వేరు కాలేదు. ఆడబిడ్డను గద్వాలలో ఇచ్చి, వనపర్తిలో కుమారుని చదివించి, నాగర్‌కర్నూలు ప్రక్క పల్లెలో పొలము చేసుకొనువారు మన సంఘములలో ఎందరో ఉన్నారు. పెండ్లికి, భూస్థాపనకు, ఆసుపత్రికి, పండుగకు ఈ మూడు ఊళ్ళ మధ్య తిరుగుచునే ఉంటాము. ఇరవై ఏండ్లుగా నేనును తిరుగుచున్నాను. ఈ నెల ఆ దారిని గురించియు, ఆ దారి మీద జరుగుచున్న ఒక రకమైన నష్టమును గురించియు వ్రాయదలచాను. ఈ నష్టము పోలీసు లెక్కలలో సాధారణముగా కనబడదు, వార్తాపత్రికలో రాదు. భారము మాత్రము ఒక ఇంటి మీద పడుతుంది.

దారి పొడవున

గద్వాల నడిగడ్డ. ఒక ప్రక్క కృష్ణ, మరొక ప్రక్క తుంగభద్ర, నడుమ ఈ నేల. ఊరి మధ్యలో సంస్థానాధీశుల మట్టికోట ఉన్నది. మగ్గముల చప్పుడు ఇంకను కొన్ని వీధులలో వినబడుతుంది. ఒళ్ళంతా నూలు, అంచును కొంగును పట్టు. రెంటినీ మగ్గము మీదనే పోగు పోగు కలిపి నేయుట ఇక్కడి చీర ప్రత్యేకత. పట్టణము దాటగానే పత్తి విత్తన చేలు. ఆ కాలములో తెల్లవారక ముందే ఆటోల నిండ కూలి స్త్రీలు పోవుచుంటారు.

గద్వాల నుండి సుమారు 20 కిలోమీటర్లు వస్తే ఎర్రవల్లి చౌరస్తా. అక్కడ 44వ జాతీయ రహదారి ఎక్కుతాము. పూర్వము 7వ నంబరు రోడ్డు అని పిలిచినది ఇదే. ఇప్పుడది శ్రీనగరు నుండి కన్యాకుమారి వరకు పోవు, మన దేశములోకెల్ల పొడవైన రహదారి. ఎడమకు తిరిగి బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన దాటితే పెబ్బేరు. పశువుల సంతకు పేరుపొందిన ఊరు. పెబ్బేరులో రహదారి విడిచి కుడికి తిరిగితే వనపర్తి. అక్కడి రాజభవనములో ఇప్పుడు ప్రభుత్వ పాలిటెక్నిక్ కళాశాల నడుచుచున్నది. వనపర్తి నుండి గోపాల్‌పేట మీదుగా పోతే నాగర్‌కర్నూలు. ఆ ఊరి కేసరి సముద్రము చెరువు కట్ట మీద సాయంకాలము గాలి చల్లగా ఉంటుంది. మొత్తము దాదాపు 100 కిలోమీటర్ల ప్రయాణము.

నేను పరిచర్యకు వచ్చిన క్రొత్తలో ఈ దారి వేరుగా ఉండెడిది. పాలమూరు అనగానే వలస పోవు కూలీలు జ్ఞాపకమునకు వచ్చెడివారు. పండుగకు ముందు బస్సు స్టాండులో మూటలు, పిల్లలు, తట్టలు. తరువాత నీళ్ళు వచ్చినవి. జూరాల, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల కాలువల క్రింద జొన్న చేలు, బీళ్ళు వరి మళ్ళుగా మారినవి. ఇంటింటికి మోటారు సైకిలు వచ్చినది. ఊరూర ట్రాక్టర్లు, కోత మిషన్లు, కిరాయి కార్లు వచ్చినవి. రోడ్లు నునుపైనవి. దేవుడు చూపిన మేలు అని దీనిని మనము కొనియాడుతాము. అయితే అదే రోడ్డు మీద కోత కాలములో వడ్లు ఎండుచుండును, వెనుక దీపము లేని ట్రాలీ పోవుచుండును, గేదెలు ఇంటికి మరలుచుండును, వాటి మధ్య నుండి 80, 90 వేగముతో కార్లు దూసుకొనిపోవుచుండును.

గోపాల్‌పేట దాటిన తరువాత

గడచిన యాసంగి కోతలప్పుడు మేము నలుగురము గద్వాలలో ఉదయపు కూడిక ముగించుకొని, వనపర్తిలో ఒక రోగిని పరామర్శించి, సాయంకాలమునకు నాగర్‌కర్నూలు చేరవలెనని బయలుదేరాము. నేను, నా భార్య, మా సంఘ పెద్ద ఒకరు, కారు నడుపు యువకుడు. ఆ యువకుడు మా సంఘము బిడ్డే. తల్లిదండ్రులు పత్తి చేలలో కూలి చేసి డిగ్రీ వరకు చదివించారు. ఉద్యోగము దొరకక ఫైనాన్సు మీద కారు తీసుకొని కిరాయికి తిప్పుచున్నాడు. పసుపు బోర్డు బండి. నెలకు 11,500 రూపాయల కిస్తీ. త్రాగడు, ఫోను మాట్లాడుచు నడపడు. ఊరు వచ్చునప్పుడు వేగము తగ్గించునని మా ఆడవారు అతని బండినే అడుగుతారు.

గోపాల్‌పేట దాటిన తరువాత ప్రొద్దు గుంకుచున్నది. రోడ్డుకు ఎడమ అంచున బారెడు వెడల్పున వడ్లు ఆరబోసి, బండ్లు ఎక్కకుండ రాళ్ళు వరుసగా పెట్టారు. ఎదుట నుండి గడ్డి ట్రాక్టరు ఒకటి మెల్లగా వచ్చుచున్నది. దాని వెనుక నుండి ఒక తెల్ల కారు, దీపము చూపకుండ, హారను కొట్టకుండ, ట్రాక్టరును దాటుటకు ఒక్కసారిగా మా వైపునకు వచ్చినది. మా బండి వేగము 50 మాత్రమే. ఎదురుగా పోతే నలుగురము మిగిలేవారము కాము. కుడికి ట్రాక్టరు. మా యువకుడు బ్రేకు తొక్కుచునే ఎడమకు తిప్పాడు.

వడ్ల మీద బ్రేకు పట్టదు. గింజలు గోలీలవలె చక్రముల క్రింద దొర్లుతాయి. ముందు చక్రము రాయి ఎక్కి దిగినది. బండి రోడ్డు దిగి, మోరీ గోడకు ఎడమ మూల కొట్టుకొని ఆగినది. తెల్ల కారు ఆగలేదు. దాని నంబరు మాలో ఎవరికిని కనబడలేదు. అది మా బండికి వెంట్రుకంతైన తగలలేదు.

కళ్ళము దగ్గరి జనము పరుగెత్తి వచ్చారు. ఒక తల్లి మా అందరికి నీళ్ళు ఇచ్చి, నా భార్య చేయి పట్టుకొని, "ఏం తాకలే కదా అక్కా? మనుషులు మంచిగున్నరు, గదే చాలు" అన్నది. మాకు గీతలే తప్ప గాయములు లేవు. యువకుడు మరల కారు ఎక్కి తాళము త్రిప్పబోవుచుండగా ట్రాక్టర్లు బాగుచేయు ఒక ముసలాయన నేల మీద పండుకొని బండి క్రింద చూచి, "ఆగు బిడ్డా, స్టార్ట్ చెయ్యకు. చాంబర్ పగిలింది, ఆయిల్ కారుతున్నది. ఇప్పుడు తాళం తిప్పితివా, ఇంజనే పోతది" అన్నాడు. ఆ ఒక్క మాట వలన ఇంజను మిగిలినది.

నీళ్ళు ఇచ్చిన తల్లిదే ఆ వడ్లు. సంఘ పెద్ద ఆమెను నిదానముగా అడిగాడు, రోడ్డు మీద ఎందుకమ్మా అని. ఆమె దాచలేదు. "యేడ ఆరబొయ్యాలె సారూ? మాకు కల్లం లేదు. తేమ పదిహేడు కంటె ఎక్కువుంటె సెంటర్ల తీస్కోరు. వాన మబ్బు చూస్తే గుండెల దడ" అన్నది. ఆమె చెప్పినది నిజమే. ప్రభుత్వ కొనుగోలుకు వడ్లలో తేమ 17 శాతము మించరాదు. కోత మిషను పచ్చి గింజనే రాల్చుతుంది. ఎండబెట్టుకొనుటకు నున్నని నల్ల రోడ్డు కంటె మంచి చోటు ఆమెకు లేదు.

యువకుడు మోరీ మీద కూర్చుండి చాలసేపు మాటలాడలేదు. తరువాత నాతో, "ఆ కారు మనకు తాకనే లేదు అయ్యగారూ. ఎవని మీద కేసు పెట్టాలె? మోరీని గుద్దింది నేనే అని రాస్తరు" అన్నాడు.

బిల్లు, పేరు

డిస్కు వంగినది, టైరు ప్రక్క చీలినది. లోయర్ ఆర్మ్, టై రాడ్, ఆయిల్ చాంబరు, రేడియేటరు, బంపరు, ఒక హెడ్‌లైటు మార్చవలసి వచ్చినది. డెంటింగు, పెయింటింగు, బండిని లాగి తెచ్చిన కిరాయి కలిపి 46,800 రూపాయలైనది. బండి 17 దినములు షెడ్డులో ఉన్నది. ఆ దినములకు కిరాయి లేదు, కిస్తీ మాత్రము ఆగదు. ఖర్చు తగ్గునని రెండవ సంవత్సరము అతడు థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు మాత్రమే కట్టియున్నాడు. అది తన బండికి ఒక్క రూపాయి ఇవ్వదు.

ఆ రాత్రి నాగర్‌కర్నూలులో మేము దిగిన ఇంట స్తుతి ప్రార్థన చేశాము. చేయవలసినదే; నలుగురి ప్రాణములు నిలిచినవి. తెల్లవారిన తరువాత సంఘ పెద్ద నన్ను ప్రక్కకు పిలిచి, "అయ్యగారూ, బతికింది నలుగురం. బిల్లు ఒక్కనిదేనా?" అని అడిగాడు. ఆయన తన జేబులో నుండి 5,000 తీసి బల్ల మీద పెట్టాడు. ఆయనకున్నది రెండు ఎకరములు. మేమును, మరి రెండు కుటుంబములును కలిసి 22,000 చేశాము. మిగిలినది ఆ బిడ్డ నెల నెలా తీర్చుచున్నాడు.

డబ్బు కంటె అతనిని ఎక్కువ బాధించినది మరొకటి. నెల తిరగక ముందే రెండు ఊళ్ళలో మాట పుట్టినది: అయ్యగారిని మోరీలో పడగొట్టిన డ్రైవరట. పెండ్లి కిరాయి ఒకటి తప్పిపోయినది. ఎదుటివాని తప్పు వలన ప్రాణములు పోకుండ తప్పించినవానికి అజాగ్రత్తపరుడు అను పేరు మిగిలినది. తప్పు చేసినవాడు ఏ ఊరివాడో ఎవరికిని తెలియదు గనుక వానికి ఏ పేరును లేదు. ఈ వ్యాసము వ్రాయుటకు నాకు మొదటి కారణము ఇదే. ఆ దినము బండిలో ఉన్నవాడను నేను, చూచినది చెప్పుచున్నాను.

తాకకపోతే తప్పు లేదా?

నిర్గమకాండము 21వ అధ్యాయము 33, 34 వచనములలో ఒక న్యాయవిధి ఉన్నది. గోయి త్రవ్వి దానిని కప్పకుండ విడిచినవాడు, అందులో ఎవని ఎద్దయినను గాడిదయైనను పడి చచ్చినయెడల, ఆ నష్టము చెల్లించవలెను. ఆ మనుష్యుడు ఎద్దును తాకలేదు. అది పడినప్పుడు అతడు అక్కడ లేకపోయి ఉండవచ్చును. అయినను అపాయమును దారిలో పెట్టినవాడు అతడే. వేల యేండ్ల క్రిందటి పశుపోషకులు ఎరిగిన ఈ న్యాయము మన రోడ్ల మీద మరచిపోబడుచున్నది.

నేటి చట్టములోను తాకినప్పుడే బాధ్యత అని లేదు. నిర్లక్ష్యముగా నడిపి ఎదుటివానిని నష్టములోనికి నెట్టినవాడు బాధ్యుడే. 1988 మోటారు వాహనముల చట్టము 184వ సెక్షను అపాయకరముగా నడుపుటను శిక్షించుచున్నది. నియమమునకు విరుద్ధముగా ముందు బండిని దాటుట కూడ అందులో చేరియున్నదని 2019 సవరణలో స్పష్టముగా వ్రాశారు. చిక్కంతా రుజువు దగ్గరనే. బండి నంబరు కావలెను, చూచిన సాక్షి కావలెను. అవి ఉన్నట్లయితే ఎదుటి బండి థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు నుండి మన బండి నష్టమును మోటారు ప్రమాదముల ట్రిబ్యునలులో అడుగవచ్చును. నంబరు దొరకనప్పుడు గుద్ది పారిపోయిన కేసుల పథకము ఒకటి ఉన్నది. 2022 ఏప్రిల్ 1 నుండి దాని క్రింద మరణమునకు 2 లక్షలు, తీవ్ర గాయమునకు 50,000 రూపాయలు ఇస్తారు. బండి నష్టమునకు అందులో ఏమియు లేదు. కాబట్టి నంబరు తెలియని బండి నుండి తప్పుకొన్నవానికి తన స్వంత ఇన్సూరెన్సు ఒక్కటే దిక్కు.

మన పల్లెలలో ఇన్సూరెన్సు కాగితము పోలీసులకు చూపుటకే అనుకొంటారు. థర్డ్ పార్టీ అనునది ఎదుటివారి కొరకు. అది లేకుండ బండి నడుపుట నేరము. మనము ఫుల్ ఇన్సూరెన్సు అని పిలుచునది మన బండికి కూడ వర్తిస్తుంది. ఒక సంవత్సరము ఏ క్లెయిము లేకపోతే మరుసటి సంవత్సరము స్వంత నష్టపు ప్రీమియములో 20 శాతము తగ్గింపు ఇస్తారు. అది ఏటేట పెరిగి 50 శాతము వరకు పోతుంది. కిరాయి బండి మీద ఇల్లు గడుపుకొను బిడ్డలు రెండవ సంవత్సరము అక్కడ మిగుల్చుకొనుటకు చూడరాదు. టీ, టిఫిను దగ్గర మిగుల్చుకొన్నను మేలే.

పాలెము దగ్గర

మోరీ గోడ అని తేలికగా వ్రాశాను. వనపర్తి జిల్లాలోనే మరొక మోరీ గోడ ఉన్నది. పెబ్బేరులో వనపర్తి వైపునకు తిరుగక జాతీయ రహదారి మీదనే తిన్నగా పోతే కొత్తకోట దగ్గర పాలెము అను గ్రామము వస్తుంది. నాగర్‌కర్నూలు దారిలో వ్యవసాయ పరిశోధన స్థానము ఉన్న పాలెము వేరు. కొత్తకోట పాలెము దగ్గర 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున, బెంగళూరు నుండి హైదరాబాదు పోవుచున్న వోల్వో బస్సు ఒక కారును దాటుచు మోరీ గోడను కొట్టినది. డీజిలు ట్యాంకు పగిలి మంటలు లేచినవి. నిద్రలో ఉన్న 45 మంది కాలిపోయారు. ఎవరు ఎవరో గుర్తించుటకు డి.ఎన్.ఏ. పరీక్షలు చేయవలసి వచ్చినది. దీపావళికి ఇంటికి పోవుచున్నవారు వారిలో ఉన్నారు.

అదే రహదారి మీద దక్షిణముగా తుంగభద్ర దాటి పోతే కర్నూలు జిల్లా చిన్నటేకూరు. అక్కడ 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున, పడిపోయి రోడ్డు మీద ఉన్న ఒక మోటారు సైకిలును బెంగళూరు పోవు బస్సు ఈడ్చుకొని పోగా మంటలు లేచి బస్సులోని 19 మంది చనిపోయారు. మోటారు సైకిలు నడిపిన యువకుడు అంతకు ముందే డివైడరును కొట్టుకొని మరణించియున్నాడు. ఒకడు జారిపడిన చోటున, అతనిని ఎన్నడును చూడనివారి ప్రాణములు పోయినవి. 2022లో మన దేశములో రోడ్ల మీద చనిపోయినవారు 1,68,491 మంది అని కేంద్ర ప్రభుత్వపు లెక్క. ఆ లెక్కలో చేరక, మోరీ గోడ దగ్గర ఆగిపోయినవారు ఎందరో లెక్క వ్రాసినవారు లేరు. మేము నలుగురము ఆ లెక్కలేని వారిలోని వారము.

వేగమును గురించి ఒక్క మాట. 60 వేగముతో పోవు బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎదురెదురుగా 60 వేగముతో రెండు బండ్లు వచ్చినప్పుడు వాటి మధ్య ఎడము సెకనుకు 33 మీటర్లు తగ్గుతుంది. నూరు మీటర్లు ఖాళీ ఉన్నదిలే అని ట్రాక్టరును దాటబోవువానికి ఉన్నది మూడు సెకనులే. వేగము రెండింతలైతే దెబ్బ బలము నాలుగింతలు అవుతుంది. మా బండి 50 వేగముతో ఉన్నందుననే బిల్లుతో పోయినది.

బండి నడుపు బిడ్డలకు

ఎదుట అపాయము కనబడినప్పుడు చేయి స్టీరింగు మీదికి పోవుట సహజము. అయితే వీలున్నంత వరకు మొదట వేగము తగ్గించుటయే మేలు. బ్రేకు గట్టిగా తొక్కి, బండిని తన వరుసలోనే తిన్నగా ఉంచితే చాలసార్లు ఎదుటివాడే తిరిగి పోవుటకు చోటు దొరుకుతుంది. మన దేశములో 2019 ఏప్రిల్ నుండి క్రొత్త కార్లన్నిటికి ఏ.బి.ఎస్. తప్పనిసరి. అది ఉన్న బండిలో బ్రేకు పూర్తిగా తొక్కినను చక్రములు బిగుసుకొనక స్టీరింగు తిరుగుతుంది. పాత బండిలో గట్టి బ్రేకుతో చక్రములు బిగుసుకొంటే స్టీరింగు తిప్పినా బండి వినదు. ఒక చక్రము రోడ్డు దిగినప్పుడు వెంటనే పైకి లాగరాదు. అంచు ఎత్తుగా ఉన్నచోట అట్లు లాగినందుననే బండ్లు బోల్తా పడుచున్నవి. స్టీరింగు తిన్నగా పట్టుకొని, వేగము తగ్గిన తరువాత పైకి రావలెను. కుక్క, కోడి అడ్డము వచ్చినప్పుడు మనుష్యుల ప్రాణము మీదికి తిప్పరాదు.

బండి ఆగిన తరువాత ఇంజను ఆపి, నాలుగు దీపములు వెలిగించి, మనుష్యులను రోడ్డుకు దూరముగా దింపండి. క్రింద దెబ్బ తగిలినట్లయితే నూనె కారుచున్నదేమో చూడక మరల స్టార్టు చేయరాదు. ఎదుటి బండి నంబరు, రంగు, పోయిన దిక్కు జ్ఞాపకమున్నంత వరకు వ్రాసికొనండి. బండిని కదల్చక ముందే నాలుగు వైపుల ఫొటోలు తీసి, దగ్గర నిలిచినవారి పేరు, ఫోను అడిగి, పోలీసు స్టేషనులో తెలుపండి. ఇన్సూరెన్సువారికి ఆ దినమే చెప్పండి. అద్దము వెనుక పెట్టు చిన్న డాష్ కెమెరా ఉంటే మా యువకుని మాట రుజువయ్యేది. జాతీయ రహదారి మీద 1033, ఎక్కడైనను 112, గాయములైతే 108.

గాయపడినవానిని చూచి, పోలీసులు పట్టుకొంటారని దాటిపోవువారు ఇంకను ఉన్నారు. ఆ భయము అక్కరలేదు. 2016 మార్చి 30న సుప్రీము కోర్టు సహాయము చేసినవారిని వేధించరాదని తీర్పు ఇచ్చినది. 2019 సవరణలో 134-ఏ సెక్షనుగా అది చట్టమైనది. ఆ చట్టము వారిని పిలుచు పేరు మనకు తెలిసినదే: మంచి సమరయుడు. లూకా సువార్తలోని యెరికో దారి నుండి ఆ మాట లోకమంతట చట్టములలోనికి పోయినది. 2025 మే నెల నుండి రోడ్డు ప్రమాదములో గాయపడినవారికి ఏడు దినముల వరకు లక్షన్నర రూపాయల లోపు వైద్యము నగదు లేకుండ చేయించు కేంద్ర పథకము కూడ వచ్చినది.

రోడ్డు ప్రక్కన ఉన్నవారికి

మనలో కార్లు ఉన్నవారు కొందరే. రోడ్డు ప్రక్కన ఇండ్లు, పొలములు, ట్రాక్టర్లు ఉన్నవారు అనేకులు. వడ్లు ఆరబోసిన తల్లిని నేను తప్పుపట్టుట లేదు; ఆమె బీదరికము నాకు తెలుసు. అయినను రాయి రాయే. సాధ్యమైతే పాఠశాల ఆవరణము, మార్కెటు యార్డు, సంఘ మందిరపు ఆవరణము అడిగి చూడండి. మందిరపు గేటు కోత కాలములో రెండు వారములు వడ్ల కొరకు తెరిస్తే ఆరాధనకు లోటు రాదు. ఊరిలో టార్పాలిన్లు కలిసి కొనుక్కొని మార్చి మార్చి వాడుకొనవచ్చును. తప్పనిసరియై రోడ్డు ప్రక్కన పోసినను, చీకటి పడక ముందే ఎత్తివేయండి. అంచులకు బండరాళ్ళు వద్దు. ఇసుక సంచులకు తెల్ల గుడ్డ కట్టి పెట్టండి.

ట్రాలీ వెనుక దీపములు వెలుగుచున్నవా, ఎర్రగా మెరయు స్టిక్కరు ఉన్నదా అని ట్రాక్టరు యజమానులు చూచుకొనండి. ఆ స్టిక్కరు ఖర్చు ఒక పూట డీజిలు పాటి కాదు. ఈ వర్షాకాలములో మేము దర్శించిన ఒక పల్లె సంఘములో యువకులు ఆదివారము ఆరాధన తరువాత ఊరిలోని పదకొండు ట్రాలీలకు అవి అంటించారు. సగము ట్రాలీలు మన సంఘమునకు చెందినవారివి కావు. ఎవరును వద్దనలేదు, ఒకాయన టీ పోయించాడు.

మా యువకుని బండి మరల తిరుగుచున్నది. ఈసారి ఫుల్ ఇన్సూరెన్సు కట్టాడు. పాత కిస్తీలలో ఒకటి ఇంకను వెనుకబడియున్నది. గద్వాల వైపున గాని వనపర్తి వైపున గాని మీ ఇంట పెండ్లికి కారు కావలసివచ్చి, ఎవరైనను ఆ మోరీ సంగతి ఎత్తినట్లయితే, జరిగినది ఇది అని చెప్పండి.